గేటెడ్ కమ్యూనిటీ గార్డెన్ మెయింటెనెన్స్: గజానికి ఎంత కోట్ చేయాలి?

శ్రీను_నల్లగండ్ల

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మణికొండ, నల్లగండ్ల వైపు విల్లాల గార్డెన్లు చూసుకుంటూ వచ్చాను. నా దగ్గర ఆరుగురు పనిచేస్తున్నారు. ఇప్పుడు తెల్లాపూర్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు ఏడాది కాంట్రాక్టుకి కొటేషన్ ఇవ్వమన్నారు. అపార్ట్‌మెంట్ సొసైటీకి బిడ్ వేయడం నాకు ఇదే మొదటిసారి.

వాళ్లిచ్చిన వివరాలు ఇవీ: బిల్డర్ డ్రాయింగ్ ప్రకారం మొత్తం గ్రీన్ ఏరియా 9,000 గజాలు. అందులో లాన్ 4,000 గజాలు, ఎక్కువ భాగం కొరియన్ గడ్డి, కొంచెం మెక్సికన్. డ్యురాంటా, మధుకామిని హెడ్జ్ కలిపి 600 మీటర్లు. చెట్లు 350 దాకా ఉంటాయి. క్లబ్‌హౌస్‌లో కుండీలు. నీళ్లు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి వస్తాయి. వారంలో ఏడు రోజులూ మనుషులు ఉండాలంటున్నారు. ఎరువులు, మందులు, మెషీన్లు, చెత్త తీసుకెళ్లడం అన్నీ మనవే.

పాత కాంట్రాక్టర్ నెలకి గజానికి 12 రూపాయల చొప్పున చేశాడట. మీరూ ఆ రేటుకే రండి అంటున్నారు. గజానికి ఎంత వేస్తే గిట్టుబాటవుతుంది? ఆదివారంలోపు కొటేషన్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

మట్టిచేతులు (కొంపల్లి)

తమ్ముడూ, గజం రేటు అనేది లెక్క అంతా అయిపోయాక చివర్లో రావాలి. నువ్వు అక్కడి నుంచే మొదలుపెడుతున్నావు. 9,000 గజాలు మొత్తం కొరియన్ లాన్ అయితే ఒక లెక్క, సగం చెట్ల కింద ఖాళీ నేల అయితే ఇంకో లెక్క. రెండింటికీ గజం 12 ఎలా అవుతుంది?

ముందు సైట్‌కి వెళ్లి నువ్వే కొలుచుకో. కొలిచే చక్రం అద్దెకు దొరుకుతుంది, లేదంటే ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ మీద గీత గీసి చూసినా దగ్గరగానే వస్తుంది. బిల్డర్ డ్రాయింగ్‌లోని గ్రీన్ ఏరియాలో గ్రాస్ పేవర్లు, ఫైర్ ఇంజిన్ దారి, పిల్లల ఆటస్థలం ఇసుక కూడా కలిపేస్తారు. కొన్నిచోట్ల ఉల్టా: పోడియం (పార్కింగ్ పైకప్పు) మీది మొక్కలు, కాంపౌండ్ వాల్ బయటి వరస అసలు లెక్కలోకే రావు. పని మాత్రం చేయాల్సిందే.

కొలిచాక ఏయే పనికి ఎన్ని మనిషి-రోజులు పడతాయో రాసుకో. హెడ్జ్‌నే తీసుకో. డ్యురాంటా వానాకాలంలో పదిహేను రోజులకోసారి కత్తిరించకపోతే ఆకారం పోతుంది. రెండు పక్కలూ, పైభాగం చేతి కత్తెరతో కొట్టి, కింద రాలింది ఊడ్చి, మూటగట్టి చెత్త దగ్గర పడేసేసరికి మంచి పనివాడు రోజుకి 35, 40 మీటర్లు చేస్తాడు. అంటే నీ 600 మీటర్లకి దాదాపు 16 మనిషి-రోజులు, నెలకి రెండు రౌండ్లంటే 32. ఒక మనిషికి నెలలో దొరికే పనిదినాలు 26 కదా. హెడ్జ్‌కే ఒక మనిషి పూర్తిగా పోయి, ఇంకొకడి నుంచి అప్పు తీసుకోవాలి. హెడ్జ్ ట్రిమ్మర్ మెషీన్ కొంటే ఇది మూడో వంతుకి పడిపోతుంది, కానీ ఊడ్చే పని మెషీన్ చేయదు.

ఇలా లాన్ కోత, కలుపు, నీళ్లు, ఊడ్పు, మందులు అన్నీ వేసి చూడు. నా అంచనా ప్రకారం ఆ సైట్‌కి ఐదుగురు తక్కువ, ఆరుగురు సరి.

చలాన్_మాస్టర్

మట్టిచేతులు అన్న చెప్పిన ఆరుగురితోనే లెక్క వేద్దాం. నేను నాలుగైదు చిన్న కాంట్రాక్టు సంస్థలకి పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ పనులు చూస్తాను. జీతం 15,000 అనుకుందాం, ఇది ఉదాహరణకే. మీ కేటగిరీకి కనీస వేతనం ఎంతో లేబర్ డిపార్ట్‌మెంట్ తాజా షెడ్యూల్‌లో చూసుకోండి. అందులో వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది.

ఒక మనిషికి నెలకి:
జీతం 15,000
పీఎఫ్ యజమాని వాటా, అడ్మిన్, ఈడీఎల్ఐ (పీఎఫ్ బీమా) కలిపి 13 శాతం: 1,950
ఈఎస్ఐ యజమాని వాటా 3.25 శాతం: 488
బోనస్ 8.33 శాతం: 1,250
వారాంతపు సెలవు రోజుల్లో రిలీవర్ (బదులు మనిషి), 4 రోజులు: 2,308
యూనిఫాం, బూట్లు, గ్లోవ్స్, జాతీయ సెలవులు: సుమారు 500

మొత్తం 21,500 దాకా. ఆరుగురికి 1,29,000. రిలీవర్‌కి కూడా పీఎఫ్, ఈఎస్ఐ కడితే ఇంకాస్త పెరుగుతుంది.

ఇక మెటీరియల్: ఎరువులు 8,000, మందులు 3,000, పెట్రోల్, ఆయిల్ 2,700, మెషీన్ల అరుగుదల, రిపేర్లు 5,300, చెత్తకి ట్రాలీ ఆటో నాలుగు ట్రిప్పులు 6,000. మొత్తం 25,000. మీరు వెళ్లి చూసుకోవడం, ఫోన్లు, అకౌంట్స్ కింద 10,000. అన్నీ కలిపితే 1,64,000. దాని మీద 10 శాతం లాభం వేసుకుంటే 1,80,400. దాన్ని 9,000తో భాగించండి, గజానికి 20 రూపాయలు వచ్చింది.

12 రూపాయలంటే నెలకి 1,08,000. ఆరుగురి ఖర్చుకే ఇంకా 21,000 తక్కువ. అంటే పాతాయన మనుషులనైనా తగ్గించి ఉండాలి, పీఎఫ్ అయినా ఎగ్గొట్టి ఉండాలి, రెండూ చేసి ఉండొచ్చు.

శ్రీను_నల్లగండ్ల

మాస్టారూ, చాలా థాంక్స్. ఒక డౌట్. నా దగ్గర ఇప్పుడు ఆరుగురే కదా, ఈ సైట్‌కి ఇంకో ఆరుగురు కలిస్తే 12 మంది. పీఎఫ్ 20 మంది ఉంటేనే అని విన్నాను. మరి 13 శాతం వేయాలా?

చలాన్_మాస్టర్

పీఎఫ్ తప్పనిసరి అయ్యేది 20 మందికే, నిజమే. ఈఎస్ఐకి 10 మంది చాలు, కాబట్టి ఈ కాంట్రాక్టు రాగానే మీరు అందులోకి వచ్చేస్తారు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లందరికీ కట్టాలి. పీఎఫ్ విషయంలో చట్టం కంటే ముందు సొసైటీ అడుగుతుంది. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమాని, అంటే ఆ సొసైటీ మీదికి వస్తుంది. అందుకే తెలిసిన కమిటీలు చలాన్ కాపీ జతచేస్తేనే బిల్లు పాస్ చేస్తాయి. 20 మంది లేకపోయినా స్వచ్ఛందంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. కోట్‌లో పీఎఫ్, ఈఎస్ఐ వేరే వరుసలో చూపించండి. పక్కవాడి కొటేషన్‌లో ఆ వరుస లేకపోతే కమిటీకి వెంటనే కనిపిస్తుంది.

ఇంకోటి. నెలకి 1,80,000 అంటే ఏడాదికి 21 లక్షలు దాటుతుంది. సర్వీసులకి జీఎస్టీ పరిమితి 20 లక్షలు. మీ విల్లాల ఆదాయం కూడా కలుస్తుంది కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. 18 శాతం అదనం అని కోట్‌లో స్పష్టంగా రాయండి. 'అన్నీ కలిపి' అన్న మాట ఎక్కడా పడనివ్వొద్దు.

బ్లాక్‌సీ_సెక్రటరీ (కొండాపూర్)

అవతలి పక్షం మాట కూడా వినండి. మా సొసైటీలో రెండేళ్లుగా ఈ కొటేషన్లు చూస్తున్నాను.

ఆ 18 శాతం మీకు కాగితం మీద అంకె, మాకు నిజమైన ఖర్చు. మా సొసైటీలో నెలసరి మెయింటెనెన్స్ ఫ్లాట్‌కి 7,500 లోపే, కాబట్టి మేం సభ్యుల దగ్గర జీఎస్టీ వసూలు చేయం, మీకు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. 1,80,400 మీద 32,472. జనరల్ బాడీలో ఎవరో ఒకరు లేచి 'తోటకి రెండు లక్షలా!' అంటారు. ఆయనకి జవాబు చెప్పుకోవాల్సింది నేను.

అందుకే నాకు కావాల్సింది చవక కొటేషన్ కాదు, జవాబు చెప్పగలిగే కొటేషన్. ఒకే పేజీలో 'నెలకి ఇంత' అని మొత్తం రాసి పంపితే దాన్ని ఇంకో మొత్తంతో పోల్చడం తప్ప నేను చేసేదేం లేదు, తక్కువ ఉన్నదే గెలుస్తుంది. అదే మనుషులెంత మంది, ఏ షిఫ్టు, లాన్ ఎన్ని రోజులకోసారి కోస్తారు, ఎరువు ఏ నెలలో ఏది, ఏది ఉచితం, ఏది అదనం అని రాసిస్తే మిగతా ఇద్దరినీ అదే ఫార్మాట్‌లో ఇవ్వమంటాను. అప్పుడు 12 రూపాయల ఆయన ముగ్గురినే పెడుతున్నాడని తేలిపోతుంది.

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. ఆరుగురని రాసి నలుగురిని పంపే వాళ్లే ఎక్కువ. మేం ఇప్పుడు గేటు యాప్‌లో ఎంట్రీ చూసి, తక్కువైన మనిషి-రోజులకి బిల్లులో కోసేస్తున్నాం.

నాగోలు_లక్ష్మి

సెక్రటరీ గారూ, కోయండి, తప్పులేదు. కానీ ఎందుకు తగ్గుతారో కూడా చూడండి. నా టీమ్‌లో ఎక్కువ మంది ఆడవాళ్లు, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. దసరాకి, సంక్రాంతికి ఊరెళ్తారు. వానలు పడ్డాక నాట్ల టైమ్‌లో సొంత పొలం ఉన్నవాళ్లు పది రోజులైనా వెళ్లాల్సిందే. అప్పుడు అడ్డా మీద నుంచి కూలీలను తేవాలి. వాళ్లు రోజుకి అడిగే డబ్బు మన నెల జీతం లెక్క కంటే చాలా ఎక్కువ. ఈ మూడు సందర్భాలకీ ఖర్చు ముందే వేసుకోని కాంట్రాక్టర్ ఆ నెలల్లో మనుషులను తగ్గించి పంపుతాడు, వేరే దారి లేదు.

శ్రీను గారూ, మీరు లెక్కలో కలుపుని చిన్నచూపు చూడకండి. విల్లాలో అరగంట పని అది. నాలుగు వేల గజాల లాన్‌లో జూన్ నుంచి అక్టోబర్ దాకా అదే అసలు పని. తుంగ పైన తెంపితే నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది, కింద గడ్డ దాకా కురిపితో తవ్వి తీయాలి. మా వాళ్లు వరసగా కూర్చుని తాడు కట్టుకుని ఒక్కో పట్టీ తీసుకుంటూ పోతారు. తీసినదాన్ని లాన్ మీదే వదిలితే మళ్లీ వేరు పట్టుకుంటుంది, గోనెసంచిలో వేసి బయటికి పంపాల్సిందే. కమిటీ వాళ్లు పైనుంచి చూసి 'రోజంతా కూర్చునే ఉంటారు' అని ఫిర్యాదు చేస్తారు, అది వేరే కథ.

పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వానాకాలంలో కలుపు, కోత, హెడ్జ్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, చలికాలంలో ఖాళీ. కాబట్టి ఏడాది మొత్తానికి మనిషి-రోజులు వేసి 12తో భాగించండి. ఫిబ్రవరిలో సైట్ చూసి కోట్ చేస్తే జులైలో ఏడుపే.

కడియం_కుర్రోడు

నేను నర్సరీ సప్లయ్ వాడిని, మెయింటెనెన్స్ నా లైన్ కాదు. కానీ కాంట్రాక్టర్లు నా దగ్గరికి వచ్చి గొడవపడేది ఒకే విషయం మీద: చచ్చిపోయిన మొక్కల రీప్లేస్‌మెంట్. 'కాంట్రాక్టర్ నిర్లక్ష్యం వల్ల చనిపోయిన మొక్కలు ఉచితంగా మార్చాలి' అని ఒప్పందంలో ఉంటుంది. చూడ్డానికి న్యాయంగానే ఉంది. మే నెలలో ఎస్‌టీపీ మోటారు వారం రోజులు కాలిపోతే చచ్చిన మొక్కలు ఎవరి నిర్లక్ష్యం? వాళ్లు మాత్రం మీ ఖాతాలోనే వేస్తారు. నీళ్లు అందక, పెయింటింగ్ పనుల వల్ల, కుక్కలు తవ్వడం వల్ల పోయినవి మా బాధ్యత కాదు అని రాసుకోండి. దానితోపాటు ఏడాదికి మొత్తం మొక్కల్లో రెండు మూడు శాతం వరకు మేం ఉచితంగా మారుస్తాం అని పరిమితి పెట్టండి.

సైట్‌లో పెద్ద చెట్ల కింద లాన్ ఉందేమో కూడా చూసుకోండి. బిల్డర్ అప్పగించినప్పుడు చెట్లు చిన్నవి, కింద గడ్డి బాగుంటుంది. నాలుగైదేళ్లకి నీడ కమ్మేస్తుంది. మెక్సికన్, కొరియన్ రెండింటికీ ఎండ కావాలి. అక్కడ ఎన్ని ఎరువులు పోసినా గడ్డి పలచబడుతుంది, మళ్లీ పరిచినా పోతుంది. ఆ భాగంలో సింగోనియం లాంటి నీడలో పెరిగే మొక్కలు వేద్దామని, ఒకసారి ఖర్చు కింద విడిగా కోట్ ఇవ్వండి. నెలవారీ రేటులో కలపొద్దు.

మట్టిచేతులు (కొంపల్లి)

కడియం తమ్ముడు నీళ్ల మాట ఎత్తాడు కాబట్టి చెబుతున్నా. మన ఊళ్లో తోట కాంట్రాక్టు మునిగేది నీళ్ల దగ్గరే. లెక్క చాలా సింపుల్. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు అంటే ఒక లీటరు. ఏప్రిల్, మే ఎండల్లో లాన్‌కి రోజుకి ఐదు మిల్లీమీటర్లైనా పడాలి. 4,000 గజాలంటే 3,344 చదరపు మీటర్లు. రోజుకి 16,700 లీటర్లు, లాన్‌కి మాత్రమే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజూ మూడు పైన. ఎస్‌టీపీ నడిచినంత కాలం ఎవరికీ పట్టదు. అది ఆగిన రోజు 'మీరే కదా తోట చూసుకునేది, ట్యాంకర్ తెప్పించండి' అంటారు. ఒక నెల అలా తెప్పిస్తే ఏడాది లాభం ఆ పైపులోనే పోతుంది.

'నీళ్లు, కరెంటు, మోటార్లు, పైప్‌లైన్, స్ప్రింక్లర్ రిపేర్లు సొసైటీ బాధ్యత. నీటి సరఫరా ఆగితే 24 గంటల్లో రాతపూర్వకంగా తెలియజేస్తాం, ఆ తర్వాత నష్టానికి మా బాధ్యత లేదు.' ఈ రెండు వాక్యాలు లేకుండా సంతకం పెట్టకు. తెలియజేయడం అంటే వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోతో సహా, కమిటీ అందరూ చూసేలా.

ఇంకొన్ని ఉన్నాయి, అవి మన దగ్గరే ఉండే తిప్పలు. వినాయక చవితికి లాన్ మధ్యలో మండపం వేస్తారు. పది రోజులు ప్లాట్‌ఫాం కింద ఎండ తగలని గడ్డి పసుపు రంగుకి తిరిగి చస్తుంది, చుట్టూ జనం తొక్కి నేల గట్టిపడుతుంది. నిమజ్జనం అయిన తెల్లారే 'ఇదేంటి లాన్ ఇలా ఉంది' అని మెయిల్. బతుకమ్మకి గ్రౌండ్ చదును చేయడం, దీపావళి మర్నాడు కాలిన కాగితాలు ఏరడం, న్యూ ఇయర్ పార్టీ చెత్త, అన్నీ తోటమాలి మీదికే వస్తాయి. ఈవెంట్‌ల తర్వాత లాన్ బాగు చేయడం అదనపు ఛార్జీ అని ఒక్క లైన్ రాసుకో.

చెట్ల విషయం కూడా. పది అడుగుల లోపు కొమ్మలు మనవి, పైన ఉన్నవి విడిగా రేటు. నిచ్చెన ఎక్కేవాడు వేరు, తాడు కట్టుకుని ఎక్కేవాడు వేరు. చెట్టు మొత్తం కొట్టేయమంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి తెచ్చే పని సొసైటీదే, కాగితం చూపించాకే రంపం పట్టుకో.

ఒంటరి_మాలి (సైనిక్‌పురి)

అందరూ పెద్ద కాంట్రాక్టుల గురించే రాస్తున్నారు కానీ నేను ఇద్దరు హెల్పర్లతో, ఒక బండితో ఇళ్ల గార్డెన్లే చేస్తాను, హాయిగా ఉంది. నెలకి రెండు విజిట్లు లేదా నాలుగు విజిట్లు, విజిట్‌కి ఇంత అని రేటు. మందు, ఎరువు బిల్లు విడిగా. డబ్బు ఆ రోజే యూపీఐలో వచ్చేస్తుంది. కమిటీ లేదు, చలాన్ లేదు. శ్రీను గారూ, సొసైటీకి వెళ్తే వెళ్లండి కానీ మీ విల్లాలను వదులుకోవద్దు. ఒక సొసైటీలో కమిటీ మారిందంటే మొత్తం ఆదాయం పోతుంది. నలభై విల్లాల్లో ఒకటి పోతే ఏమీ కాదు.

శ్రీను_నల్లగండ్ల

విల్లాలు వదలను అన్నా, వాటితోనే ఇల్లు గడుస్తోంది. నిన్న సైట్ కొలిచాను. లాన్ 4,000 సరిగ్గానే ఉంది, మిగతాది కొంచెం తక్కువ వచ్చింది కానీ పోడియం మీద డ్రాయింగ్‌లో లేని ప్లాంటర్ బాక్సులు చాలా ఉన్నాయి. రెండూ చెల్లుకి చెల్లు. లాన్‌లో తుంగ విపరీతంగా ఉంది, హెడ్జ్ కింది భాగం అంతా బోసిపోయింది, పిండినల్లి పట్టిన మందారాలు చాలా ఉన్నాయి. దీన్ని ఏ రేటులో కలపాలి?

మట్టిచేతులు (కొంపల్లి)

నెల రేటులో అస్సలు కలపకు. అది మెయింటెనెన్స్ కాదు, పాతాయన వదిలేసిన బాకీ. మొదటి నెల బాగుచేత పని అని వన్-టైమ్ ఎస్టిమేట్ విడిగా ఇవ్వు: తుంగ తీయించడం, టాప్ డ్రెస్సింగ్‌కి (లాన్ మీద పలచగా పరచడానికి) ఎర్రమట్టి, పశువుల ఎరువు ట్రాక్టర్ ట్రిప్పులు, హెడ్జ్ ఖాళీల్లో కొత్త మొక్కలు. వాళ్లు వద్దంటే 'ఉన్న పరిస్థితి ఇదీ' అని వీడియో తీసి, చచ్చిన మొక్కలు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఫైల్‌లో పెట్టుకో. ఆర్నెల్ల తర్వాత అదే నిన్ను కాపాడుతుంది.

ఎంబుక్

టెండర్ల వైపు వెళ్దామనుకునే వాళ్ల కోసం నాలుగు ముక్కలు. మున్సిపల్ పార్కులు, మీడియన్ల (రోడ్డు మధ్య డివైడర్ల) పనులు రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వస్తాయి. డిజిటల్ సిగ్నేచర్, ఈఎండీ (టెండర్‌తోపాటు కట్టే ధరావతు), గతంలో ఇలాంటి పని చేసిన సర్టిఫికెట్ ఉండాలి. ఇక్కడ గజం రేటు మీరు చెప్పేదేం ఉండదు. డిపార్ట్‌మెంట్ ఎస్టిమేట్ వేస్తుంది, దాని మీద ఎన్ని శాతం లెస్‌కి చేస్తారో మీరు కోట్ చేస్తారు. కుర్రాళ్లు ఇక్కడే పోటీపడి చస్తారు. ఎస్టిమేట్‌లో సగానికి పైగా కూలీల జీతాలే ఉన్నప్పుడు 20, 25 శాతం లెస్ వేస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? మరీ ఎక్కువ లెస్ వేస్తే అదనపు సెక్యూరిటీ కూడా అడగొచ్చు, టెండర్ షరతులు మొత్తం చదవండి.

జీఎస్టీ ఇక్కడ వేరు. మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థకి పార్కుల నిర్వహణ కేవలం సర్వీసుగా ఇస్తే మినహాయింపు ఉంది. వస్తువులు కూడా కలిసి ఉంటే వాటి విలువ మొత్తంలో 25 శాతం మించకూడదు. ప్రభుత్వ అథారిటీలు, ప్రభుత్వ సంస్థలకి చేసే పనికి మాత్రం 2022 జనవరి 1 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. టెండర్ ఎవరి పేరు మీద ఉందో చూసి కోట్ చేయండి, 18 శాతం తేడా చిన్న విషయం కాదు.

బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కాలి, పై అధికారి చెక్ చేయాలి, బడ్జెట్ ఉండాలి. కనీసం నాలుగు నెలల జీతాలు చేతిలో లేకుండా ఇటు రావొద్దు.

చలాన్_మాస్టర్

ఎంబుక్ గారు చెప్పింది ప్రైవేటుకి కూడా వర్తిస్తుంది. శ్రీను గారూ, మీ సైట్‌కి జీతాలు 7వ తేదీకి ఇవ్వాలి. పీఎఫ్, ఈఎస్ఐ 15కి, జీఎస్టీ 20కి కట్టాలి. సొసైటీ డబ్బు మాత్రం బిల్లు ఇచ్చిన 30 రోజులకో 45 రోజులకో వస్తుంది. అంటే ఎప్పుడు చూసినా దాదాపు రెండు నెలల ఖర్చు, మూడు లక్షల పైచిలుకు, మీ జేబులోంచి తిరుగుతూ ఉండాలి. ఆ మూడు లక్షలు నెలకి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 6,000. మీరు 10 శాతం అనుకున్న లాభంలో మూడో వంతు పైగా అక్కడే పోయింది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు) చేయించుకోండి, ఉచితమే. సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉంది, ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. ఐటీ కంపెనీల క్యాంపస్ పనులు చేసేవాళ్లకి ఇది బాగా ఉపయోగపడుతోంది, ఎందుకంటే గడువులోపు కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చూపించుకోనివ్వరు. సొసైటీల మీద ఆ ఒత్తిడి అంతగా ఉండదు, అక్కడ అడ్వాన్స్ అడగడమే మేలు. టీడీఎస్ కింద 1 శాతం కట్ చేసి ఇస్తారు, ప్రొప్రైటర్‌షిప్ అయితే. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది, దాన్ని ఖర్చు కింద వేసుకోకండి.

వీడీఏ పెరిగినప్పుడు ఆ మేరకు రేటు పెరుగుతుందని రాయడం మర్చిపోవద్దు. ఏడాది ఫిక్స్‌డ్ రేటు ఒప్పుకుంటే రెండు పెంపులూ మీరే మోస్తారు.

నాగోలు_లక్ష్మి

పది శాతం లాభం చాలదు మాస్టారూ. వడ్డీ పోగా, ఒక బ్రష్ కట్టర్ ఇంజిన్ పట్టేస్తే ఆ నెల ఏమీ మిగలదు. కొత్త కుర్రాళ్లు రెండు స్ట్రోక్ మెషీన్‌లో ఆయిల్ కలపకుండా పెట్రోల్ పోసేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. నేనైతే 15 వేసి, బేరంలో 12 దాకా దిగుతాను. అంతకన్నా కిందికి దిగమంటే పని తగ్గిస్తాను, రేటు తగ్గించను.

శ్రీను_నల్లగండ్ల

అప్‌డేట్. ఆదివారం కోట్ ఇచ్చాను: 1,80,400, జీఎస్టీ అదనం, మనుషుల లెక్కతో సహా మూడు పేజీలు. బాగుచేత పనికి విడి ఎస్టిమేట్. నిన్న కమిటీ పిలిచింది. ఐదుగురున్నారు. ఒకాయన మొదటి పేజీ తిప్పకుండానే 'పన్నెండుకి చేసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు' అన్నారు. ట్రెజరర్ మేడమ్ మాత్రం పీఎఫ్ వరుస దగ్గర ఆగి, మిగతా కొటేషన్లలో ఇది ఎందుకు లేదని ఆయన్నే అడిగారు. గంటసేపు నడిచింది. చివరికి 1,60,000 అయితే చూద్దాం అన్నారు.

లక్ష్మి మేడమ్ చెప్పినట్టు పనే తగ్గించాను. ఆదివారం ఆరుగురు కాకుండా నీళ్లు పెట్టడానికి ఒక్కరే వస్తారు. ఐదుగురి రిలీవర్ ఖర్చు 11,540 తగ్గింది. తోట చెత్తకి ట్రాలీ ఆటో సొసైటీ వాళ్లే పెట్టుకుంటారు, వాళ్లకి ఎలాగూ ఒకటి వస్తోందట. అది 6,000. లాభం శాతంతో కలిపి 19,300 దాకా తగ్గింది. 1,61,100 అని అక్కడే కాగితం మీద వేసి చూపించాను. ఒప్పుకున్నారు. నీళ్ల షరతు, వీడీఏ షరతు ఉంచారు. అడ్వాన్స్ ఇవ్వలేమన్నారు కానీ బిల్లు 15 రోజుల్లో ఇస్తామని మినిట్స్‌లో రాస్తారట. బాగుచేత పని సగం ఇప్పుడు, సగం వానలు పడ్డాక.

చవితి మండపం షరతు మాత్రం కొట్టేశారు. 'దేవుడి పనికి ఛార్జీ ఏంటి' అన్నారు.

బ్లాక్‌సీ_సెక్రటరీ (కొండాపూర్)

దేవుడి పేరు తీసేసి 'లాన్ మీద తాత్కాలిక నిర్మాణాలు మూడు రోజులకి మించి ఉంటే పునరుద్ధరణ ఖర్చు విడిగా' అని రాయండి, పాసైపోతుంది. మా దగ్గర అలాగే ఉంది. పెళ్లి షామియానాలకి కూడా అదే పనికొస్తుంది.

మట్టిచేతులు (కొంపల్లి)

బాగుంది తమ్ముడూ. లేకపోతే మండపం పార్కింగ్ పక్కన పేవర్ల మీద వేయించు, జాగా నువ్వే చూపించు. అగ్రిమెంట్ అయ్యాక మెషీన్లు కొనే ముందు నాకు మెసేజ్ పెట్టు. ఆ సైజు లాన్‌కి ఇద్దరు తోసే చిన్న మోవర్ అంటగడతారు షాపువాళ్లు, కొనొద్దు.

శ్రీను_నల్లగండ్ల

సరే అన్నా, పెడతాను. సెక్రటరీ గారూ, ఆ లైన్ యథాతథంగా వాడుకుంటున్నాను.